లెక్క చెప్పని ట్రస్టీ, లెక్క కట్టిన వకీలు కార్యాలయం

గుంటూరులో సివిల్ దావాలు మాత్రమే చూసే ఒక న్యాయవాద కార్యాలయంతో మా కుటుంబానికి దాదాపు ఏడాదిన్నర పాటు పని పడింది. ఆస్తి తగాదాలో వకీలును వెతుక్కునేవారికి ఉపయోగపడుతుందని ఈ సమీక్ష రాస్తున్నాను. రాజీపత్రంలో ఇరుపక్షాల పేర్లూ బయటపెట్టకూడదన్న షరతు ఉన్నందువల్ల కార్యాలయం పేరు కానీ, అవతలి పక్షంవారి పేరు కానీ ఇక్కడ చెప్పలేను. అయిదుకు మార్కులు వేయమంటే మూడున్నర వేస్తాను. ఒకటిన్నర ఎందుకు తగ్గించానో చెప్పే ముందు, మూడున్నర ఎలా సంపాదించుకున్నారో చెప్పాలి.

మా నాన్నగారు 2003లో తెనాలి బజారులోని అయిదు షాపుల భవనాన్నీ, ఊరి బయట మూడెకరాల మాగాణినీ కలిపి ఒక కుటుంబ ట్రస్టుగా రిజిస్టరు చేశారు. అమ్మ ఉన్నంతకాలం ఆదాయమంతా అమ్మకు, ఆమె తరువాత ఆస్తి మా నలుగురికీ సమానంగా చెందాలన్నది ఏర్పాటు. ట్రస్టీగా మా పెద్ద బావగారిని పెట్టారు. సొంత కొడుకు అమెరికాలో ఉన్నాడు కనుక పెద్దల్లుడే ఇంటికి పెద్దకొడుకని నాన్నగారి నమ్మకం. ఆ దస్తావేజును ఊళ్ళోని ఒక దస్తావేజు లేఖరి రాశారు. ఆరు పేజీల్లో నాలుగు పేజీలు హద్దులకే పోయాయి. ట్రస్టీ ఎన్నాళ్ళకొకసారి లెక్క చూపాలి, ఆయన తరువాత ఎవరు, ఆయన తప్పుకోకపోతే ఎలా అన్న మాటలు ఒక్క వాక్యంలోనైనా లేవు. అవసరమైతే అమ్మే అధికారం మాత్రం స్పష్టంగా ఉంది.

2006లో నాన్నగారు పోయారు. అప్పటినుంచి బావగారు నెలనెలా అమ్మ చేతిలో 6,000 రూపాయలు పెట్టేవారు. పదహారేళ్ళు ఆ అంకె మారలేదు. 2023లో అమ్మ మోకాళ్ళ ఆపరేషనుకు డబ్బు కావలసివచ్చి అడిగితే ట్రస్టులో నిల్వ ఏమీ లేదన్నారు. భోజనాల వేళ మా తమ్ముడు వీడియో కాల్‌లో లెక్కలు అడిగాడు. బావగారు విస్తరి ముందు నుంచి లేచిపోయారు. “అల్లుడుగారిని లెక్కలు అడుగుతామా” అని అమ్మ మమ్మల్నే కోప్పడింది. అన్ని సంవత్సరాలూ ఎవరమూ అడగకపోవడానికి కారణం ఆ ఒక్క మాటలోనే ఉంది.

మొదట మేము వెళ్ళిన వకీలు పది నిమిషాలు కూడా వినకుండా నమ్మకద్రోహం కింద పోలీసు కేసు పెడదామన్నారు. అప్పటి శిక్షాస్మృతి 406వ సెక్షను కింద మూడేళ్ళ వరకు జైలు పడవచ్చునని చెప్పి, అది తలచుకుంటేనే అవతలివారు దారికొస్తారని మాకు ధైర్యం చెప్పారు. దారికి రావలసిన మనిషి మా అక్కయ్య భర్త అన్న సంగతి ఆయన పట్టించుకోలేదు. అక్కణ్ణుంచి లేచివచ్చాక, తెలిసినవారు చెబితే ఈ గుంటూరు కార్యాలయానికి వెళ్ళాము.

ఇక్కడ సీనియరుగారు మా కథ వినలేదు. నాకు మొదట కష్టంగా తోచింది కానీ, ఆయన చేసింది సరైన పని అని తరువాత అర్థమైంది. “మనుషుల సంగతి ఆఖర్న చూద్దామమ్మా, ముందు కాగితాలు తెప్పిద్దాం” అని, మమ్మల్ని ఒక జూనియరుగారికి అప్పగించారు. ఆ అమ్మాయి వారం తిరగకుండా ట్రస్టు దస్తావేజు సర్టిఫైడ్ నకలు తెప్పించి, మూడెకరాలకూ షాపులకూ ఈసీ, అంటే ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీల ధ్రువపత్రం, తీసింది. రిజిస్ట్రేషను శాఖ వెబ్‌సైటులో 1983 నుంచి జరిగిన లావాదేవీలు కనిపిస్తాయి కనుక, ఇరవయ్యేళ్ళ చరిత్ర ఒక్క పూటలో బయటపడింది. 2011లో బావగారు ట్రస్టీ హోదాలో ఒక ఎకరాన్ని తన సొంత తమ్ముడికి అమ్మారు. 2016లో ఆ తమ్ముడు అదే ఎకరాన్ని బావగారి కొడుకు పేర గిఫ్టు దస్తావేజు రాశారు. 2011 అమ్మకం ఒక్కటే ఉంటే అవసరానికి అమ్మానని ఆయన వాదించవచ్చు. 2016 దస్తావేజు పక్కన పెట్టేసరికి ఆ వాదనకు చోటు లేకపోయింది. అమ్మే బాధ్యత ఉన్న ట్రస్టీ, నేరుగా కానీ పరోక్షంగా కానీ, ఆ ఆస్తిని తానే కొనుక్కోకూడదని 1882 నాటి భారతీయ ట్రస్టుల చట్టం 52వ సెక్షను చెబుతుంది. ఆ రెండు దస్తావేజుల నంబర్లనూ జూనియరుగారు ఎర్ర సిరాతో చుట్టి మా ముందు పెట్టిన రోజునే నా మనసులో వారికి రెండు మార్కులు పడ్డాయి.

దావా వేయడానికి ముందు బావగారికి నోటీసు పంపారు. అందులో ఒక్క నిందావాక్యం లేదు. ట్రస్టీ స్పష్టమైన, ఖచ్చితమైన లెక్కలు ఉంచి, అడిగినప్పుడు లబ్ధిదారుకు చూపాలన్న 19వ సెక్షనునూ, దస్తావేజునూ లెక్కలనూ రసీదులనూ చూసి నకళ్ళు తీసుకునే హక్కు లబ్ధిదారుకు ఉందన్న 57వ సెక్షనునూ ఉటంకించి, ముప్పై రోజుల్లో లెక్క చూపమని అడిగారు. అంతకంటే ఘాటుగా రాయమని మా తమ్ముడు పట్టుబట్టాడు. సీనియరుగారు ఒప్పుకోలేదు. జవాబుగా మూడు పేజీల చేతిరాత లెక్క వచ్చింది. మా వకీళ్ళు కోరుకున్నది కూడా అదేనట. చూపించిన లెక్కలో ఏముందో మనకు ఎంత ముఖ్యమో, ఏమి లేదో అంతే ముఖ్యమన్నారు.

ఆ మూడు పేజీల మీద ఈ కార్యాలయం చేసినటువంటి పనిని నేను మరెక్కడా చూడలేదు. బావగారు అయిదు షాపుల్లో రెండింటిని తన ఎరువుల వ్యాపారానికీ గోదాముకూ వాడుకుంటున్నారు. ఆ రెండింటికీ నెలకు 1,500 చొప్పున అద్దె జమ చూపారు. వాటిని ఆనుకుని ఉన్న మిగిలిన మూడు షాపుల అద్దె మాత్రం ఏటేటా పెరిగి 2023 నాటికి 8,000కు చేరింది. సహేతుకంగా రాగలిగినంత మంచి అద్దెకే ట్రస్టు ఆస్తిని ఇవ్వాలని 36వ సెక్షను అంటుంది కనుక, పొరుగు షాపుల రసీదులను కొలబద్దగా పెట్టి, రెండు షాపుల మీద తరుగుపడిన అద్దెను సంవత్సరాలవారీగా పట్టిక వేశారు. బావగారి లెక్కలో నెలకు 4,000 “పర్యవేక్షణ ఖర్చు” అని ఒక పద్దు ఉంది. దస్తావేజులో ప్రతిఫలం రాసి ఉంటే తప్ప ట్రస్టీకి తన శ్రమకు జీతం తీసుకునే హక్కు లేదన్న 50వ సెక్షను ఆధారంగా ఆ పద్దు మొత్తం కొట్టేశారు. రెండూ కలిపి అసలు 21 లక్షలు తేలింది.

వడ్డీ దగ్గర నేను నిజంగా ఆశ్చర్యపోయాను. ట్రస్టీ తప్పు చేస్తే కోర్టు ఏదో ఒక వడ్డీ వేస్తుందని మాత్రమే అప్పటిదాకా నాకు తెలుసు. 23వ సెక్షనులో దానికి మెట్లు ఉన్నాయి. చెల్లించవలసిన డబ్బును అకారణంగా ఆలస్యం చేస్తే, కోర్టు వేరే విధంగా చెప్పకపోతే, ఏడాదికి నూటికి 6 చొప్పున బారువడ్డీ. ట్రస్టు ఆస్తిని సొంత వ్యాపారంలో వాడుకుంటే ఆరునెలలకొకసారి కలిపే చక్రవడ్డీ కానీ, ఆ వ్యాపారంలో వచ్చిన నికర లాభం కానీ, రెండింటిలో ఏది కావాలో లబ్ధిదారే కోరుకోవచ్చు. అందువల్ల వారు ఒకే అసలుకు రెండు పట్టికలు వేశారు. బారువడ్డీతో 30 లక్షలు, చక్రవడ్డీతో 33 లక్షలు అయింది. వ్యాపార లాభం జోలికి పోవద్దని సలహా ఇచ్చారు. ఎరువుల షాపు ఖాతాల వెంట పడితే రెండేళ్ళు ఖాతా పుస్తకాలతోనే పోతాయని వారి అభిప్రాయం, అది సరైనదే. చివరకు అవతలి వకీలుగారు కూడా బేరమాడింది ఈ పట్టికల మీదనే. అరుపులు లేవు, శాపనార్థాలు లేవు, ఎదుట ఒక కాగితం ఉంది.

కాలదోషం గురించి కూడా వారిచ్చిన వివరణ మాకు ఊరట కలిగించింది. పదహారేళ్ళ తరువాత అడిగితే చెల్లుతుందా అన్నది మా భయం. ట్రస్టీ చేతిలో ఉన్న ట్రస్టు ఆస్తి కోసం, దాని లెక్కల కోసం వేసే దావాకు ఎంతకాలం గడిచినా అడ్డు లేదని 1963 నాటి లిమిటేషను చట్టం 10వ సెక్షను చెబుతుందని, వెల ఇచ్చి కొన్నవారి మీద అయితే అమ్మకం మనకు తెలిసిన రోజు నుంచి పన్నెండేళ్ళు గడువని, అందుకే ఈసీ తీసిన తేదీని భద్రంగా ఉంచమని చెప్పారు. దావా వేసిన రోజునే ఆ ఎకరం మళ్ళీ చేతులు మారినా మా హక్కు పోకుండా పెండింగు దావా సంగతి కోర్టు ముందు పెట్టారు. దావా నడుస్తుండగా జరిగే బదిలీలు దావా ఫలితానికి లోబడి ఉండాలన్నది ఆస్తి బదిలీ చట్టంలోని సెక్షను. దాని నంబరు కూడా 52 కావడంతో మా తమ్ముడు చాలాకాలం రెండు చట్టాలనూ కలిపేసి మాట్లాడుతూ ఉండేవాడు.

ఇక తగ్గించిన మార్కులు. మొదటిది, మాకిచ్చిన పదకొండు పేజీల అభిప్రాయం పూర్తిగా ఇంగ్లీషులో ఉంది. లబ్ధిదారు అయిన మా అమ్మకు తెలుగు తప్ప రాదు. తెలుగులో కావాలని మూడుసార్లు అడిగిన తరువాత రెండు పేజీల సారాంశం ఇచ్చారు. అది అంత చక్కగా ఉంది కనుకనే, మొదటే ఎందుకు ఇవ్వలేదని నా ఫిర్యాదు. రెండవది మరింత పెద్దది. డాలస్‌లో ఉన్న మా తమ్ముడు హూస్టన్ కాన్సులేటులో ధ్రువీకరింపజేసి పంపిన పవరాఫ్ అటార్నీకి, అది ఇండియాకు చేరిన మూడు నెలల్లోపు ఇక్కడ స్టాంపు వేయించాలి. ఆ కాగితం వారి ఫైలులోనే పడి ఉండి గడువు దాటింది. తమ్ముడు సెలవు పెట్టి మళ్ళీ హూస్టన్ వెళ్ళవలసివచ్చింది, మాకు రెండు వాయిదాలు వృథా అయ్యాయి. సీనియరుగారు తప్పు ఒప్పుకున్నారు కానీ, ఆ ఖర్చు ఎవరు భరించాలన్న మాట ఎత్తలేదు. మూడవది గుమస్తాగారి ఖర్చులు. కాపీయింగు, ప్రాసెసు, ఆటో అంటూ అయిదు వందలూ వెయ్యీ చొప్పున తీసుకున్నవాటికి ఒక్క రసీదు కూడా లేదు. లెక్క చెప్పని ట్రస్టీ మీద దావా వేస్తూ లెక్క లేని డబ్బు ఇస్తున్నామే అని నాకు ప్రతిసారీ అనిపించేది. ఒకసారి ఆ మాట పైకే అన్నాను. ఆయన నవ్వి ఊరుకున్నారు.

రాజీ వైపు మమ్మల్ని మళ్ళించింది కూడా ఈ కార్యాలయమే. దావా గెలిచేదే అయినా ఎన్నాళ్ళకు గెలుస్తామో చెప్పలేమని, ఫరీద్‌కోట్ మహారాజు కుటుంబం సంగతి చెప్పారు. హరీందర్ సింగ్ బ్రార్ 1989లో చనిపోయాక, వీలునామా పేరుతో ఆస్తి అంతా ఒక ట్రస్టు చేతికి పోయింది. పెద్ద కూతురు 1992లో కోర్టుకెక్కారు. ఆ వీలునామా కల్పితమని కింది కోర్టు 2013లో చెప్పింది, సుప్రీంకోర్టు 2022 సెప్టెంబరులో ఖాయం చేసింది. గెలిచేసరికి ముప్పై ఏళ్ళు. అమ్మకు అప్పటికే 81 ఏళ్ళు. ఆ మాట విన్న తరువాత మా తమ్ముడు కూడా మెత్తబడ్డాడు.

కేసు లోక్ అదాలతుకు వెళ్ళింది. అక్కడ కుదిరిన రాజీకి 1987 నాటి న్యాయసేవాధికార సంస్థల చట్టం ప్రకారం డిక్రీ విలువ ఉంటుంది, దానిపై అప్పీలు ఉండదు, కట్టిన కోర్టు ఫీజు తిరిగి వస్తుంది. బావగారు ట్రస్టీగా తప్పుకోవడానికీ, ఎకరాన్ని తిరిగి ట్రస్టు పేర రిజిస్టరు చేయించడానికీ, అమ్మకు మూడు వాయిదాల్లో 24 లక్షలు చెల్లించడానికీ ఒప్పుకున్నారు. లబ్ధిదారుల్లో అక్కయ్య కూడా ఒకరు కనుక ఆమె సంతకం తప్పనిసరి. “మీరు అడిగేది న్యాయమే, నా ఇంటికి వచ్చి మాత్రం అడగకండి” అని అంతకుముందు ఆమె నాతో ఫోనులో అన్నది. ఆ విషయం నేను ఎప్పుడో మాటల్లో చెబితే జూనియరుగారు గుర్తుపెట్టుకుని, అక్కయ్యను బావగారితో కలిపి కాకుండా వేరే రోజున పిలిచి, రాజీపత్రం మొత్తం తెలుగులో చదివి వినిపించి, అరగంట ఒంటరిగా కూర్చోనిచ్చి, తరువాతనే సంతకం చేయించుకున్నారు. ఏ సెక్షనూ అలా చేయమని చెప్పదు.

మొత్తం ఫీజు 1,80,000. కాగితాలు చదివినందుకు ముందుగా తీసుకున్న 15,000 అందులోనే కలిపారు. మా ఆస్తి విలువను బట్టి చూస్తే ఎక్కువ కాదు. వాటాలో శాతం అడిగే వకీళ్ళ గురించి విని ఉన్నాను కనుక ఈ పద్ధతి నాకు నచ్చింది. ఫోను మాత్రం రాత్రి ఎనిమిది తరువాతనే ఎత్తుతారు, అదీ ఆదివారం ఎత్తరు. వాయిదా తేదీ మనమే గుర్తుపెట్టుకోవాలి.

24 లక్షల్లో రెండు వాయిదాలు అందాయి, మూడవది సంక్రాంతికి రావాలి. కొత్త ట్రస్టీలుగా నేనూ చెల్లెలూ ఉన్నాము. ఏటా ఏప్రిల్ నెలలో లెక్కలు నలుగురికీ పంపాలనీ, ట్రస్టీ తన బంధువులకు అమ్మకూడదనీ, అద్దెకివ్వకూడదనీ, ఒకరు తప్పుకుంటే తరువాత ఎవరో ముందే రాసిపెట్టాలనీ, లబ్ధిదారులందరి సమ్మతితో ఒక అనుబంధ దస్తావేజు రాయించాము. అది కూడా ఈ కార్యాలయమే రాసింది. హద్దులకు ఒక పేజీ, షరతులకు అయిదు పేజీలు. దానికి 8,000 తీసుకుని, గుమస్తాగారు ఈసారి నేను అడగకుండానే రసీదు చించి ఇచ్చారు.