బేగంపేటలో రెండు శనివారాల తరగతి: విమానం మలుపు, పక్క మార్గం ఎడం

దిల్‌సుఖ్‌నగర్‌లో ఇంటర్ పిల్లలకు భౌతికశాస్త్రం చెప్పే నాకు, రోడ్డు మలుపులో బయటి అంచును ఎందుకు ఎత్తుగా కడతారన్న ప్రశ్నకు జవాబు ఏళ్ల తరబడి కంఠతా వచ్చు. ఆకాశంలో రెండు సమాంతర మార్గాల మధ్య ఎంత ఎడం ఉంచాలో తేల్చడానికీ అదే సూత్రం కావాలని తెలిసింది మాత్రం, బేగంపేటలో పాత విమానాశ్రయానికి దగ్గరగా ఒక చిన్న శిక్షణ సంస్థ నడిపిన తరగతిలోనే. డిస్పాచర్ (విమాన ప్రయాణ ప్రణాళిక వేసేవారు), ఏటీసీ (విమానాల రాకపోకల నియంత్రణ) పరీక్షలకు చదివేవారి కోసం పెట్టిన ఈ తరగతిలో రెండు వేల రూపాయల రుసుముతో బయటివారినీ చేర్చుకున్నారు. పాఠం బాగుంది, ఇచ్చిన నోట్సు బాగాలేదు, గది మరీ ఇరుకు.

మొదటి శనివారం ఉదయమంతా తిన్నని మార్గాల గురించే. ఆర్‌నావ్ 5 అనే మార్గనిర్దేశ ప్రమాణం అంటే ప్రయాణ సమయంలో 95 శాతం సేపు విమానం మధ్యరేఖకు 5 నాటికల్ మైళ్ల (ఒక్కోటి 1.852 కిలోమీటర్లు; ఇకపై మైలంటే ఇదే) లోపే ఉండాలని, సముద్రం మీద ఆర్‌ఎన్‌పీ 10 అనే మరో ప్రమాణానికి చెందిన మార్గాల మధ్య 50 మైళ్ల ఎడం పాటిస్తారని చెప్పారు. ఇది ఎక్కడైనా దొరికే సమాచారమే.

భోజనం తరువాత అసలు పాఠం మొదలైంది. ఒకప్పుడు కంట్రోలర్‌గా పనిచేసిన మా బోధకుడు డ్రాయింగ్ షీటు మీద 60 డిగ్రీలు వంగే రెండు సమాంతర గీతలు గీసి, మూలల్లో గుండుసూదులు గుచ్చి, వాటి పక్కగా ఎర్రదారం ఒకటి, నీలిదారం ఒకటి వంపుగా పరిచారు. ఫ్లై-బై పద్ధతిలో వేపాయింట్ (మార్గం మూలను గుర్తించే బిందువు) దగ్గర విమానం మూల దాకా వెళ్లదు; సిగ్నల్ దగ్గర ఆగకుండా పెట్రోలు బంకులోంచి అడ్డంగా కోసేసే బైకులాగా ముందే తిరగడం మొదలుపెడుతుంది. ఎంత ముందన్నది భూమితో పోల్చిన వేగం మీద, రెక్కల వంపు మీద ఆధారపడి ఉంటుంది. వేగం 480 నాట్లు (గంటకు అన్ని నాటికల్ మైళ్లు), వంపు 25 డిగ్రీలు అయితే మలుపు వ్యాసార్ధం సుమారు 7.2 మైళ్లు, వంపు 15 డిగ్రీలకు తగ్గితే 12.5; వెనకగాలి తోడై వేగం 560కి చేరితే అదే 15 డిగ్రీల వంపుతో 17. సూత్రంలో వేగం వర్గంగా ఉండడంతో అది కొంచెం పెరిగినా వ్యాసార్ధం బాగా సాగుతుందని నేను పిల్లలకు ఏటా చెప్పేదే, కానీ ఆ సాగుడును దారంతో చూడటం అదే మొదటిసారి.

అయితే ఆ షీటు మీద రెండు దారాలూ దాదాపు తాకుతున్నట్టు కనిపించాయి. ఇంటికి వచ్చి లెక్క వేస్తే అలా రాలేదు. మార్గాల మధ్య 10 మైళ్లుంటే, 60 డిగ్రీల మలుపులో రెండు మూలల మధ్య దూరం 11.5 మైళ్లకు పెరుగుతుంది. బయటి విమానం 12.5 వ్యాసార్ధంతో తన మూలను 1.9 మైళ్లు కోసినా, లోపలిది 7.2తో 1.1 మైళ్లు కోసినా, మధ్యలో 10.7 మిగులుతుంది. మరి ప్రమాదం ఎక్కడ?

రెండో శనివారం ఇదే అడిగాను. బోధకుడు నొచ్చుకోకుండా, షీటు మీద కొలత తప్పిందని ఒప్పుకొని, తరగతి మొత్తంలో నాకు బాగా నచ్చిన వివరణ ఇచ్చారు. తిన్నని దారిలో విమానం ఏ గీతను అంటిపెట్టుకోవాలో ముందే తెలుసు కాబట్టి, అది ఎంత తప్పుకుంటుందో కొలవవచ్చు. ఫ్లై-బై మలుపులో అందరికీ ఒకటే గీత లేదు, ఏ విమానంలోని కంప్యూటర్ దాని మలుపు గీతను అదే లెక్కగట్టుకుంటుంది. నిమిషానికి 8 మైళ్లు వెళ్లే విమానం ఐదు సెకన్లు ఆలస్యంగా వంగితే అర మైలుకు పైగా ముందుకు జారిపోతుంది. అదే లోపలి విమానం వేపాయింట్‌ను దాటాకే తిరిగే ఫ్లై-ఓవర్ పద్ధతిలో పోతే, 60 డిగ్రీలు తిరిగేసరికి వ్యాసార్ధంలో సగం మేర కొత్త గీతకు బయట, అంటే పక్క మార్గం వైపు తేలుతుంది: 7.2కు 3.6 మైళ్లు, 12.5కు 6 మైళ్ల పైచిలుకు. పది మైళ్ల ఎడంలో అంత పోతే మిగిలేదేమిటో వేరే చెప్పనక్కరలేదు. అందుకే తిన్నని దారికి చాలిన ఎడం మలుపుకూ చాలుతుందని ప్రణాళిక వేసేవారు అనుకోకూడదు.

దీనికి విరుగుడైన స్థిర వ్యాసార్ధ మలుపు గురించి మాత్రం పది నిమిషాల్లో ముగించారు. పై ఎత్తు మార్గాల్లో 22.5 మైళ్లు, కింది ఎత్తుల్లో 15 మైళ్ల వ్యాసార్ధం ముందే ఖాయం చేస్తే అన్ని విమానాలూ ఒకే మలుపు గీతను అనుసరిస్తాయి. ఆ సామర్థ్యం అన్ని విమానాల్లో లేకపోవడమే చిక్కు. దీనికి కనీసం గంట కేటాయించాల్సింది.

నోట్సులో మలుపు వ్యాసార్ధాల పట్టికకు పైన నాటికల్ మైళ్లని రాసి, కింద 7.2కు బదులు 13.3, 12.5కు బదులు 23.2 అచ్చువేశారు, అవి కిలోమీటర్లు. పరీక్షకు బట్టీపట్టే పిల్లల చేతికి ఇలాంటి పట్టిక ఇవ్వడం నాకు మింగుడుపడలేదు. చెప్పినప్పుడు తరువాతి బ్యాచ్‌కు సరిచేస్తామన్నారు.

రుసుము దండగని అనను. చేరేవారు వృత్తలేఖిని, స్కేలు, క్యాలిక్యులేటర్ వెంట తీసుకెళ్లండి, షీటు కనిపించే మొదటి రెండు బెంచీలు నిండకముందే చేరుకోండి. ఆ పట్టికలో ప్రతి అంకెనూ 1.852తో భాగించుకోండి.