వసతి గృహమా, బైక్ అంబులెన్సా?

మన్యంలో కాన్పు కష్టాన్ని తగ్గించే మార్గాలు రెండున్నాయి. పార్వతీపురం మన్యం జిల్లా సాలూరులో గిరిశిఖర గ్రామాల గర్భిణుల కోసం నెలకొల్పిన వసతి గృహం మొదటిది. నెలలు నిండే ముందే అక్కడికి చేరిన తల్లికి వేళకు భోజనం, రక్తపరీక్షలు, ఐరన్ మాత్రలు అందడమే కాక, నొప్పులు మొదలయ్యేసరికి ఆసుపత్రి దగ్గరలోనే ఉంటుంది. పక్కన పడక అమర్చిన బైక్, అంటే ఫీడర్ అంబులెన్సు రెండోది. ఇరుకు బాటలో అది మేలే గానీ, బాటే లేని గూడేనికి రాలేదు; అక్కడ డోలీయే గతి. రక్తహీనత ఉన్న బాలింతకు అధిక రక్తస్రావమైతే ప్రతి నిమిషమూ ప్రాణాంతకమే కనుక, నా ఓటు వసతి గృహానికే. అయితే పోడు పనుల కాలంలో ఇంటి దగ్గర పసిపిల్లలను ఎవరు చూస్తారన్నది గర్భిణికున్న అసలు బెంగ. వారిని వెంట తెచ్చుకోనివ్వాలి.