బీపీ ఉన్నవారి రెటీనాలో రక్తప్రవాహం కొలవాలంటే ఏ పరికరం మేలు?

థీసిస్ టాపిక్ వెతుక్కునే పీజీలు, ఆప్టోమెట్రీ విద్యార్థులు పదేపదే అడిగే ప్రశ్న ఇది. చాలామంది జవాబు కూడా వెంటబెట్టుకునే వస్తారు: “మా డిపార్ట్‌మెంట్‌లో ఓసీటీ యాంజియో ఉంది, దాంతో బ్లడ్ ఫ్లో కొలిచేయొచ్చు కదా?” కొలవలేం. ఓసీటీ యాంజియో, అంటే ఓసీటీఏ, కంటి వెనక పొర అయిన రెటీనాను కాంతితో స్కాన్ చేసి నాళాల పటం గీసే మంచి పరికరమే కానీ, అది ప్రవాహాన్ని కొలిచేది కాదు.

అది చేసే పని ఇది: ఒకే గీత మీద కొద్ది మిల్లీసెకన్ల తేడాతో రెండు మూడుసార్లు స్కాన్ చేసి, సిగ్నల్ మారినచోట రక్తం కదులుతోందని గుర్తు పెడుతుంది. కదలిక మరీ నెమ్మదిస్తే నాళం ఉన్నా కనబడదు. ఒక హద్దు దాటాక వేగం ఎంత పెరిగినా సిగ్నల్ ఇక పెరగదు. అంటే వెసెల్ డెన్సిటీ అంకె చెప్పేది, ఆ విస్తీర్ణంలో రక్తం పారుతున్న నాళాలు ఎంత మేర ఉన్నాయనే. కాలువల పటం చూసి ఏ కాలువలో ఎన్ని నీళ్లు పారుతున్నాయో చెప్పలేం కదా, ఇదీ అంతే.

బీపీ పేషెంట్లలో ఈ తేడా మరీ ముఖ్యం. ఒత్తిడి పెరిగితే రెటీనా చిన్న ధమనులు బిగుసుకుంటాయి. ఒకపక్క నాళం సన్నబడుతుంది, ఇంకోపక్క తోసే ఒత్తిడి పెరుగుతుంది. రెండూ కలిసి ప్రవాహాన్ని చాలాకాలం మామూలు స్థాయిలోనే నిలబెట్టగలవు. అందుకే నాళం సన్నబడింది కాబట్టి రక్తం తగ్గిందనుకోవడం పొరపాటు. కంటి లోపలి వెనక భాగాన్ని తీసే ఫండస్ ఫోటోలో ధమని–సిర వ్యాసాల నిష్పత్తి నాళం ఆకారం గురించి చెబుతుందే గానీ ప్రవాహం గురించి చెప్పదు. నా లెక్కలో పరికరాన్ని ఎంచుకోవడానికి గీటురాయి ఒక్కటే: అది వేగాన్ని పట్టుకుంటుందా, లేదా? ఆ తర్వాతే రిజల్యూషన్, ధర, సాఫ్ట్‌వేర్.

వేగాన్ని పట్టుకునేవాటిలో మైక్రోలీటర్లలో అంకె ఇవ్వగలిగేది, కదిలే రక్తం నుంచి తిరిగొచ్చే కాంతిలో మార్పును బట్టి వేగం లెక్కించే డాప్లర్ ఓసీటీ. డిస్క్ (నాళాలు, నరం కంట్లోకి వచ్చే చోటు) చుట్టూ ఉన్న సిరలన్నిటిలో ప్రవాహాన్ని కొలిచి కూడితే రెటీనా మొత్తం ప్రవాహం వస్తుంది. ధమనుల బదులు సిరల్ని తీసుకోవడానికి కారణం ఉంది. వాటిలో గుండె కొట్టుకోవడం వల్ల వచ్చే ఎగుడుదిగుళ్లు తక్కువ, వేగమూ తక్కువ. డిస్క్ దగ్గరి ధమనుల్లో వేగం ఎక్కువై, పరికరం చదివే సిగ్నల్ ఫేజ్ హద్దు దాటి మళ్లీ మొదటికొస్తుంది, అంకె తప్పుతుంది. ఆరోగ్యవంతుల్లో మొత్తం ప్రవాహం పద్ధతిని బట్టి నిమిషానికి సుమారు 40–60 మైక్రోలీటర్లు వస్తుంది.

ఇక్కడ చిక్కంతా కోణంతోనే. డాప్లర్ సిగ్నల్ కాంతికిరణానికీ నాళానికీ మధ్య కోణం కొసైన్ మీద ఆధారపడుతుంది, రెటీనా నాళాలేమో కిరణానికి దాదాపు అడ్డంగా ఉంటాయి. కోణం 80 డిగ్రీలుంటే ఒక్క డిగ్రీ పొరపాటుకు వేగం 10 శాతం మారుతుంది. 85 దగ్గర అదే ఒక్క డిగ్రీకి 20 శాతం. దీనికి వ్యాసంలో పొరపాటు తోడవుతుంది. ప్రవాహమంటే అడ్డుకోత వైశాల్యం, సగటు వేగం గుణిస్తే వచ్చేది కాబట్టి 100 మైక్రాన్ల నాళాన్ని 105 అని కొలిస్తే ఫలితం 10 శాతం పైకిపోతుంది. ఆ 5 మైక్రాన్లు ఒక ఎర్రరక్తకణం వెడల్పు కూడా కాదు. కాబట్టి మంచి చేతుల్లో, కోణాన్ని సరిచేసే సాఫ్ట్‌వేర్ ఉన్నచోట మాత్రమే దీన్ని నమ్మాలి.

నా మొగ్గు లేజర్ స్పెకిల్ ఫ్లోగ్రఫీ వైపు. ఇది జపాన్‌లో పుట్టి పెరిగిన పద్ధతి, అక్కడి క్లినిక్‌లలో బాగా వాడుకలో ఉంది. 830 నానోమీటర్ల లేజర్ వేసి, సెకనుకు 30 ఫ్రేముల చొప్పున 4 సెకన్లు తీస్తుంది. లేజర్ వెలుగులో కనబడే చుక్కల నమూనా (స్పెకిల్) రక్తకణాలు కదిలేకొద్దీ చెదురుతుంది. ఆ చెదురు ఎంతో చెప్పేదే మీన్ బ్లర్ రేట్, ఎంబీఆర్. కొన్ని గుండెచప్పుళ్లు ఆ నాలుగు సెకన్లలోనే పడతాయి కాబట్టి నాడితరంగం ఆకారం కూడా దొరుకుతుంది. నాళాలు గట్టిపడిన బీపీ పేషెంట్‌లో ఎంబీఆర్ కన్నా ఆ తరంగం ఆకారమే ఎక్కువ చెబుతుంది. లోపం ఏమిటంటే ఎంబీఆర్‌కు యూనిట్ లేదు. ఒక మనిషి అంకెను ఇంకొకరి అంకెతో నేరుగా పోల్చడానికి జంకాలి, ఫండస్ రంగు కూడా దాన్ని ప్రభావితం చేస్తుంది. కానీ మందు మొదలుపెట్టకముందు, పెట్టాక అదే కంటిని అదే చోట కొలిచి శాతంలో మార్పు చూడటానికి ఇంతకన్నా నిలకడైనది నాకు తెలియదు. బీపీ పేషెంట్ విషయంలో మనం అడిగే ప్రశ్న చాలాసార్లు అదే. మన దగ్గర ఈ పరికరం అరుదు, అది నిజమే.

ఏ పరికరమైనా, కంటిపాపను పెద్దది చేయడానికి వేసే చుక్కల దగ్గరే చాలా స్టడీలు పాడవుతాయి. మన దగ్గర మామూలుగా వేసే కాంబినేషన్‌లో 0.8 శాతం ట్రోపికామైడ్‌తో పాటు 5 శాతం ఫినైలెఫ్రిన్ ఉంటుంది. అది నాళాల్ని బిగిస్తుంది, బీపీ పెంచనూ గలదు. కొలవబోయేదాన్నే మార్చేస్తే ఇక కొలిచి ఏం లాభం? సీసా మీద ‘ప్లస్’ అని ఉందేమో చూసి పక్కన పెట్టండి, ఒట్టి ట్రోపికామైడ్ వాడండి.

ఆ తర్వాత పది నిమిషాలు కూర్చోబెట్టి, కొలత తీసే సమయంలోనే బీపీ, కంటి ఒత్తిడి రెండూ రాసుకోవాలి. ఓపీడీ చీటీ మీద పొద్దున రాసిన బీపీ పనికిరాదు. కంట్లోకి రక్తాన్ని తోసే పెర్ఫ్యూజన్ ఒత్తిడి అంటే సగటు ధమని ఒత్తిడిలో (కింది బీపీకి, పై–కింది అంకెల తేడాలో మూడో వంతు కలిపినది) మూడింట రెండు వంతుల నుంచి కంటి ఒత్తిడి తీసేసినది. బీపీ 160/100, కంటి ఒత్తిడి 16 అయితే అది 64. అదే మనిషి తర్వాతిసారి 140/90తో వస్తే 55. ఈ తేడా పక్కన రాయకుండా “ప్రవాహం తగ్గింది” అని రాస్తే, అది మందు వల్లా, నాళం వల్లా, ఆరోజు ఒత్తిడి వల్లా అన్నది ఎవరూ తేల్చలేరు. కాఫీ, సిగరెట్, మాత్ర వేసుకున్న వేళ కూడా నమోదు చేయాలి.

ఇక ఓసీటీఏ ఒక్కటే ఉన్నవాళ్ల మాట. వదిలేయనక్కర్లేదు, ప్రశ్న మార్చుకోండి. క్యాపిలరీలు (అతి సన్న నాళాలు) ఎక్కడ మూతపడ్డాయి, చూపు అతి స్పష్టంగా ఉండే ఫోవియా మధ్య నాళాలు లేని జాగా ఎంత పెరిగింది అన్న ప్రశ్నలకు ఇదే మేలు. 3×3 మిల్లీమీటర్ల స్కాన్ తీసుకోండి, 6×6లో సన్న క్యాపిలరీలు అంత స్పష్టంగా రావు. సిగ్నల్ 10కి 7 కన్నా తక్కువైతే పారేయండి. పెద్దవయసు బీపీ పేషెంట్లలో కంటి శుక్లం వల్ల తగ్గిన సిగ్నల్ అచ్చం క్యాపిలరీలు పోయినట్టే కనబడుతుంది. కంటి పొడవు కొలిచి సైజు సవరణ చేయండి, లేకపోతే మయోపియా ఉన్నవాళ్ల అంకెలన్నీ పక్కదారి పడతాయి. స్టడీ మధ్యలో కంపెనీ మార్చకండి, ఒకదాని డెన్సిటీకీ మరోదానికీ పొంతన ఉండదు. థీసిస్ శీర్షికలో మాత్రం ‘బ్లడ్ ఫ్లో’ అని రాయకండి.

మిగతావి క్లుప్తంగా. మినుకుమినుకుమనే కాంతికి నాళం ఎంత విప్పారుతుందో చూసే డైనమిక్ వెసెల్ ఎనలైజర్ నాళం లోపలి పొర (ఎండోథీలియం) గురించి బాగా చెబుతుంది, కానీ కొలిచేది వ్యాసమే. కలర్ డాప్లర్ అల్ట్రాసౌండ్ రెటీనాకు రక్తం తెచ్చే సెంట్రల్ రెటీనల్ ఆర్టరీలో వేగం ఇస్తుంది, వ్యాసం ఇవ్వదు. ప్రోబ్‌తో కంటిని నొక్కితే ఆ వేగమూ మారిపోతుంది. ఫ్లోరెసిన్ యాంజియోగ్రఫీ కారుతున్న నాళాలు చూడటానికే. వేగం కోసం రంగు ఎక్కించాల్సిన పని లేదు.