యాపిలా, శాంసంగా: 2024 లెక్కల్లో ఎవరు మెరుగు?

శ్రీపెరంబుదూర్‌లో ఇద్దరి పనీ నడుస్తుంది, ఫాక్స్‌కాన్‌లో ఐఫోన్లు, శాంసంగ్ ప్లాంట్‌లో ఫ్రిజ్‌లు, వాషింగ్ మెషీన్లు, అందుకే చెన్నైలో మన తెలుగోళ్ళ మధ్య ఈ వాదన తెగదు. డబ్బులో యాపిల్‌దే పైచేయి, 2024 అమ్మకాలు దాదాపు 391 బిలియన్ డాలర్లు. కానీ శాంసంగ్ కోలుకున్న తీరు చూడండి, 2023లో మెమరీ చిప్‌ల ధరలు పడి ఆపరేటింగ్ లాభం 6.57 ట్రిలియన్ కొరియా వోన్‌కి జారింది, మరుసటేడే 32 ట్రిలియన్ దాటేసింది!

కార్బన్ సంగతికొస్తే, యాపిల్ సప్లయర్లతో సహా 2030కల్లా కార్బన్ న్యూట్రల్ (వదిలే కార్బన్‌ని తగ్గించి, మిగిలినదాన్ని భర్తీ చేసి నికరంగా సున్నాకి తేవడం) అంటోంది, శాంసంగ్ ఫోన్లు, టీవీల విభాగానికి 2030, చిప్‌లతో కలిపి 2050 అంది. చిప్ ఫ్యాబ్‌లు, అంటే చిప్‌లు తయారుచేసే ఫ్యాక్టరీలు, సొంతంగా నడిపితే కరెంటు, గ్యాసుల భారమంతా సొంత ఖాతాలోనే పడుతుంది కదా, యాపిల్‌కి అది సప్లయర్ల లెక్క, కాబట్టి స్కోప్ 3 (సప్లయర్ల దగ్గర, వస్తువుల వాడకంలో, అంటే కంపెనీ బయట వెలువడే కార్బన్ లెక్క) చూడకుండా శాంసంగ్‌ని తిట్టడం అన్యాయం. అయినా నా ఓటు యాపిల్‌కే, సప్లయర్ల బాధ్యత కూడా నెత్తినేసుకుంది గనక.