రిచీ స్ట్రీట్ నల్ల డబ్బా: పద్నాలుగేళ్లు వాడిన తర్వాత

2010 దీపావళికి వారం ముందు, చేతికొచ్చిన బోనస్‌లోంచి 7,200 రూపాయలు చెన్నైలో ఎలక్ట్రానిక్స్ సామాన్లు అమ్మే రిచీ స్ట్రీట్‌లో పోసి ఈ నల్ల డబ్బా కొన్నాను. ఇది టీవీకి తగిలించి వీడియోలు, పాటలు ఆడించే మీడియా ప్లేయర్. చూడటానికి పిల్లల టిఫిన్ డబ్బాలా ఉంటుంది. లోపల హార్డ్ డిస్కు లేదు, ఫ్యాను లేదు. వెనక హెచ్‌డీఎంఐ, పాత టీవీలకు పనికొచ్చే పసుపు, ఎరుపు, తెలుపు తీగల సాకెట్, నెట్ కేబుల్ సాకెట్, రెండు యూఎస్‌బీలు. తయారుచేసిన కంపెనీ పేరు రాయను. వాళ్లు ఈ రకం డబ్బాలు చేయడం మానేసి చాలా కాలమైంది. ఇప్పుడు తిట్టినా పొగిడినా అక్కడ వినేవాళ్లు లేరు.

టీవీకి తగిలించగానే మా అమ్మ అడిగిన మొదటి ప్రశ్న: “దీనికి నెలకెంత కట్టాలిరా?” ఆమెను అనడానికి లేదు. 2003లో సీఏఎస్ పద్ధతి (పే ఛానళ్లు చూడాలంటే సెట్‌టాప్ బాక్స్ పెట్టుకోవాలనే నియమం) దేశంలో మొదట అమలైంది చెన్నైలోనే. టీవీ పక్కన డబ్బా ఉందంటే నెలనెలా బిల్లు ఉంటుందని ఈ ఊళ్లో అందరికీ అప్పుడే మనసులో పడిపోయింది. ఏమీ కట్టక్కర్లేదమ్మా అంటే, “ఊరికే ఎవరిస్తారు, ఏదో మెలిక ఉంటుంది” అంది. మెలిక ఉన్న మాట నిజమే. అది పూర్తిగా బయటపడటానికి అయిదేళ్లు పట్టింది.

నిజం చెప్పాలంటే, అట్టపెట్టె మీద వరసగా అచ్చువేసిన ఇంటర్నెట్ సర్వీసుల గుర్తులు చూసి నేను దీన్ని కొన్నాను. ఇంటికొచ్చి చూస్తే వాటిలో సగం అమెరికాలో ఉన్నవాళ్లకే. యూట్యూబ్ మాత్రం వచ్చేది. అయితే 256 కేబీపీఎస్ ఉంటే చాలు, దాన్ని బ్రాడ్‌బ్యాండ్ అనవచ్చని మన దేశంలో నిర్వచనం ఉన్న రోజులవి. మా ఇంట్లో 512 ఉండేది, అదే గొప్ప. నాలుగు నిమిషాల పాట చూడాలంటే పాజ్ నొక్కి, వంటింట్లోకి వెళ్లి కాఫీ కలుపుకుని రావాలి. 2015లో యూట్యూబ్ తన పాత ఏపీఐని, అంటే బయటి పరికరాలు తనతో మాట్లాడే పద్ధతిని, ఆపి కొత్తదానికి మారింది. ఆ మార్పుకు తగిన ఫర్మ్‌వేర్ (లోపల డబ్బాను నడిపే సాఫ్ట్‌వేర్) మా డబ్బాకు రానే లేదు. ఒక రోజు నొక్కితే ఎర్రర్ వచ్చింది, అంతే, మళ్లీ పనిచేయలేదు. నెట్ రేడియో, వాతావరణం, ఫోటోల సైట్లు కూడా ఒకదాని తర్వాత ఒకటి అలాగే రాలిపోయాయి. మెనూలో వాటి బొమ్మలు ఇంకా ఉన్నాయి, మూతపడిన కొట్టు మీద బోర్డుల్లా.

మరి పద్నాలుగేళ్లు ఎందుకు ఉంచుకున్నావంటే, యూఎస్‌బీ సాకెట్ వల్ల. అప్పట్లో మా టీవీకీ యూఎస్‌బీ ఉండేది గానీ అది ఫోటోలు, ఎంపీ3 పాటలు తప్ప మరేదీ ముట్టుకునేది కాదు. ఈ డబ్బా ఏవీఐ, ఎంకేవీ, 1080పీ హెచ్.264 లాంటి వీడియో రకాలు, డీవీడీ మొత్తాన్ని ఒకే ఫైలుగా తీసిన ఐఎస్ఓ, ఏది ఇచ్చినా కాదనకుండా ఆడించేది. ఐఎస్ఓ గురించి ఒక మాట చెప్పాలి. నెల్లూరులో జరిగిన మా అక్క పెళ్లి డీవీడీ గీతలు పడి ప్లేయర్‌లో ఆగిపోతుండేది. ఓపిగ్గా కంప్యూటర్‌లోకి ఎక్కించి ఇందులో పెడితే, ఫోటో స్టూడియో వాళ్లు వేసిన మెనూతో సహా వచ్చింది. గులాబీ రేకులు రాలుతుంటాయి, మధ్యలో ‘తలంబ్రాలు’, ‘అప్పగింతలు’, ‘విందు’ అని మీటలు. అమ్మ నేరుగా అప్పగింతలకు వెళ్తుంది, కాసేపు కళ్లు తుడుచుకుంటుంది, ఆ తర్వాత విందుకు వెళ్లి ఎవరెవరు రాలేదో లెక్క చూసుకుంటుంది. కొనేటప్పుడు ఈ ఉపయోగం నా ఊహలో కూడా లేదు.

ఇక తెలుగు. ఈ డబ్బా మీద నా అసలు కోపం ఇక్కడే. ఫైళ్లకు తెలుగులో పేర్లు పెడితే తెర మీద వరసగా ఖాళీ గళ్లు కనిపించేవి. “ఇదేమిటిరా, పూరించమని గళ్లిచ్చాడా?” అంది అమ్మ. ఒక సెలవు రోజు కూర్చుని, ఫర్మ్‌వేర్ మార్చి, తెలుగు ఫాంటు చేర్చాను. గళ్లు పోయి అక్షరాలు వచ్చాయి గానీ ఒత్తులు హల్లుల కిందికి పోకుండా పక్కనే నిలబడ్డాయి. అక్క పెళ్లి కాస్తా ‘అక్‌క పెళ్‌లి’ అయింది. ఎత్వాలు, గుడులు కూడా తలా ఒక దారి పట్టాయి. తెలుగు సరిగా రావాలంటే ఫాంటు ఒక్కటే చాలదు. ఏ ఒత్తు దేని కింద చేరాలో, ఏ గుణింతం దేనికి అతుక్కోవాలో చూసుకునే ప్రోగ్రాం కూడా ఉండాలి. ఇంగ్లీషుకు అది లేకున్నా గడుస్తుంది కాబట్టి దీన్ని చేసినవాళ్లకు ఆ ఆలోచనే రాలేదు. మా ఇంట్లో ఫైళ్ల పేర్లు ఇప్పటికీ ఇంగ్లీషు అక్షరాల్లోనే ఉన్నాయి.

సబ్‌టైటిల్స్‌కు మాత్రం దొంగదారి దొరికింది. మా తాతయ్య గొంతులో కొన్ని పద్యాలు పాత క్యాసెట్‌లో ఉన్నాయి. ఆయన పాడుతుంటే నల్లటి తెర మీద పద్యపాదాలు వస్తే పిల్లలు చూసి చదువుకుంటారని నా కోరిక. మాటలను అక్షరాలుగా ఉంచే మామూలు ఎస్ఆర్‌టీ సబ్‌టైటిల్ ఫైలు ఇస్తే మళ్లీ అదే ఒత్తుల గొడవ. వాబ్‌సబ్ అనే పద్ధతిలో సబ్‌టైటిల్ అక్షరాలుగా కాకుండా బొమ్మగా ఉంటుంది, డీవీడీల్లో వాడేది అదే. తెలుగు వాక్యాన్ని కంప్యూటర్‌లోనే చక్కగా బొమ్మ చేసి ఇస్తే, డబ్బా అందులో ఏముందో చదవబోకుండా ఉన్నదున్నట్టు తెర మీద అంటిస్తుంది. 42 పద్యాలకు మూడు ఆదివారాలు పట్టింది. శార్దూలాలు రెండు వరసల్లోకి విరిగినా, ఒత్తులు మాత్రం ఉండాల్సిన చోటే ఉన్నాయి.

డబ్బాలో వైఫై లేదు. యూఎస్‌బీకి తగిలించే ముక్క వేరే కొన్నాను, 802.11జీ రకం. పేరుకు 54 ఎంబీపీఎస్. రెండు గోడలు దాటి వచ్చేసరికి నాకు 20 కూడా దక్కేది కాదు. మామూలు వీడియోలకు చాలు. బ్లూరేలో అయితే బొమ్మ ఒక్కటే 40 ఎంబీపీఎస్ వరకు పోవచ్చు, అలాంటి ఫైలు పెడితే హీరో ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఉండిపోతాడు. మాది అద్దె ఇల్లు. గోడకు మేకు కొట్టిన చప్పుడైతే ఇంటి ఓనరు పై అంతస్తు నుంచి దిగి వస్తారు. అందుకని 15 మీటర్ల క్యాట్5ఈ నెట్ కేబుల్ తెచ్చి, కిటికీ దోమతెర మూలలోంచి లోపలి గదికి లాగాను. ఆ మూలలోంచి దోమలూ వచ్చాయి. బొమ్మ మాత్రం మళ్లీ ఆగలేదు.

2012లో చెన్నైలో రోజుకు రెండు గంటల కరెంటు కోత ఉండేది. కరెంటు వచ్చిన ప్రతిసారీ ఈ డబ్బా డిస్కులోని ఫైళ్లను మొదటి నుంచీ లెక్కపెట్టుకునేది. నావి 1,100 ఫైళ్లు. తొమ్మిది నిమిషాలు ఎదురుచూడాలి, ఆ లోపు అమ్మ సీరియల్ పెట్టేసేది. సెట్టింగ్స్‌లో లైబ్రరీ అనేదాన్ని ఆపితే ఈ బాధ ఉండదని ఏడాది తర్వాత తెలిసింది. ఎండాకాలంలో ఇది దోసె పెనంలా కాలుతుంది. కింద నాలుగు మూలలా కూల్‌డ్రింకు సీసా మూతలు పెట్టి గాలి ఆడేలా చేశాను, ఇప్పటికీ వాటి మీదే కూర్చుంది. 2 టీబీ దాటిన డిస్కును ఇది అసలు గుర్తించదు. చిన్న పోర్టబుల్ డిస్కులకు కూడా యూఎస్‌బీ నుంచి వచ్చే కరెంటు ఒక్కోసారి చాలక టక్ టక్‌మని కొట్టుకుంటాయి. విడిగా కరెంటు తీసుకునే యూఎస్‌బీ హబ్ పెడితే ఆ చప్పుడు పోయింది.

కంప్యూటర్‌లోని ఫైళ్లను నెట్‌వర్క్ ద్వారా చూడటం 2017 వరకు బాగానే సాగింది. ఆ ఏడాది కంప్యూటర్ల మీద వాన్నాక్రై అనే వైరస్ దాడి జరిగింది. అది దూరింది కంప్యూటర్లు ఫైళ్లు పంచుకునే ఎస్ఎంబీ పద్ధతి మొదటి వెర్షన్‌లోంచే. ఆ తర్వాత వచ్చిన విండోస్ 10లో, కొత్తగా ఎక్కిస్తే, ఆ మొదటి వెర్షన్ దానంతటదే రాదు. మా డబ్బాకు వచ్చింది ఆ ఒక్క భాషే. కొత్త ల్యాప్‌టాప్ కొన్న రోజు నుంచి రెండూ ఒకే ఇంట్లో ఉండి మాట్లాడుకోవడం మానేశాయి. డబ్బా కోసం ఆ పాత తలుపు మళ్లీ తెరవడం నాకిష్టం లేదు. మూలపడిన ల్యాప్‌టాప్‌లో లినక్స్ వేసి, వీడియోలను ఇంటి నెట్‌వర్క్‌లో అందించే డీఎల్‌ఎన్‌ఏ సర్వర్ పెట్టాను. అది చాలు.

ఈ మధ్య దీనికి చేతకాకుండా పోతున్నది హెచ్.264 తర్వాత వచ్చిన వీడియో రకం హెచ్.265. మేనల్లుడు ఫోనులో తీసి పంపే వీడియోలన్నీ అవే. మాట వినిపిస్తుంది, తెర నల్లగా ఉంటుంది. నేను కంప్యూటర్‌లో హెచ్.264కు మార్చి ఇచ్చేదాకా అమ్మ మనవడి గొంతు వింటూ కూర్చుంటుంది.

ఎవరైనా ఇలాంటి పాత డబ్బా అమ్ముతుంటే 500 రూపాయలకు మించి ఇవ్వకండి. అడాప్టర్ తప్పకుండా పరీక్షించండి, మాది రెండుసార్లు పోయింది. 12 వోల్టులది దొరకడం కష్టం కాదు, ప్లస్, మైనస్ సరిచూసుకుంటే చాలు. రిమోట్‌లో ఓకే మీట కూడా నొక్కి చూడండి. మాది అరిగి గుంటపడింది. అమ్మ పెన్ను వెనక కొసతో నొక్కుతుంది. ఆ పెన్ను ఎవరూ పట్టుకుపోకుండా రబ్బరు బ్యాండుతో రిమోట్‌కే కట్టేసింది.