ఐదేళ్ల సిగ్నల్ వాడకం: విజయవాడ నుంచి ఒక సమీక్ష

2021 జనవరిలో వాట్సాప్ తన గోప్యతా విధానాన్ని మారుస్తున్నట్టు ప్రకటించినప్పుడు, గవర్నర్‌పేటలో ఆదాయపు పన్ను రిటర్నులు దాఖలు చేసే మా చిన్న ఆఫీసులో ఆ వార్తను తేలిగ్గా తీసుకోలేకపోయాము. మా పార్టీలు పాన్ కార్డులు, బ్యాంకు స్టేట్‌మెంట్లు, ఫారం 16లు అన్నీ ఫోన్‌లోనే పంపుతారు. ఆ వారమే వాట్సాప్ లాంటి మరో మెసేజింగ్ యాప్ సిగ్నల్ వేసుకున్నాను. ఆనాటి నుంచి ఆఫీసు పనికీ, ఇంటివాళ్లతో మాటలకీ వీలైనంతవరకు దాన్నే వాడుతున్నాను.

రాసిన మాటను దాచే విషయంలో రెండింటికీ పెద్ద తేడా లేదు. 2016లో వాట్సాప్ అందరికీ అమర్చిన ఎన్‌క్రిప్షన్ (పంపినవారూ అందుకున్నవారూ తప్ప ఎవరూ చదవలేకుండా మాటను మార్చే పద్ధతి) సిగ్నల్ వాళ్లు రూపొందించిన ప్రోటోకాలే. తేడా అంతా ఎవరు ఎవరితో ఎప్పుడు మాట్లాడారనే చిట్టా దగ్గర ఉంది. ఒక వ్యాపారి నాతో మాట్లాడిన మరు నిమిషంలో తన వకీలుకు ఫోన్ చేశాడని తెలిస్తే, లోపలి మాట తెలియకపోయినా ఊహించగలిగింది చాలా ఉంటుంది. 2016లో అమెరికాలో నేరారోపణలను పరిశీలించే ఒక గ్రాండ్ జ్యూరీ సమన్లు పంపితే, సిగ్నల్ ఇవ్వగలిగింది ఖాతా తెరిచిన సమయమూ, చివరిసారి సర్వర్‌కు, అంటే సిగ్నల్ వాళ్ల కంప్యూటర్‌కు, కలిసిన తేదీ మాత్రమే. నన్ను ఇన్నేళ్లు దీనితో ఉంచింది ఈ ఒక్క సంగతే.

అయితే సర్వర్‌లో ఏమీ ఉండదంటే, మన ఫోన్ పోతే అన్నీ పోయినట్టేనని నాకు 2024 సెప్టెంబరు 1న తెలిసింది. బుడమేరు పొంగి సింగ్‌నగర్‌లోని మా ఇల్లు మునిగినప్పుడు ఫోన్ కూడా నీళ్లలో పోయింది. బ్యాకప్ తీస్తూనే ఉన్నాను కానీ, ఆ ఫైలు కూడా అదే ఫోన్‌లో ఉంది. ఇంటి గ్రూపులోని మాటలు అక్క ఫోన్‌లో మిగిలాయి. అమ్మ చివరి ఏడాదిలో నాకొక్కడికే పంపిన వాయిస్ మెసేజీలు మాత్రం ఇక లేవు. ఈ నష్టం నా అజాగ్రత్త వల్లే జరిగింది, కానీ కొత్తగా చేరేవారికి ఈ సంగతి ముందే గట్టిగా చెప్పవలసింది.

కొత్త ఫోన్‌లో సిగ్నల్ తెరిచి మొదటి మెసేజీ పంపిన కాసేపటికే గుంటూరు బ్రాడీపేట నుంచి అక్క ఫోన్ చేసి, "ఒరేయ్, నీ భద్రతా సంఖ్య మారిందని వచ్చింది, ఇది నువ్వేనా?" అని అడిగింది. అవతల ఉన్నది అసలు మనిషేనని సరిచూసుకోవడానికి ప్రతి ఇద్దరి మధ్యా సిగ్నల్ చూపే సంఖ్య అది, ఫోన్ మారితే అదీ మారుతుంది. తర్వాత ఆమె ఇంటికి వెళ్లినప్పుడు, ఇద్దరం పక్కపక్కన కూర్చుని అయిదేసి అంకెల చొప్పున మొత్తం 60 అంకెలూ చదివి సరిచూసుకున్నాము.

వాట్సాప్‌ను పూర్తిగా తీసేయలేకపోయాను. 2025 జనవరిలో రాష్ట్ర ప్రభుత్వం 161 సేవలతో మొదలుపెట్టిన మన మిత్ర (ప్రభుత్వ సేవలను ఫోన్‌లోనే అందించే ఏర్పాటు) నడిచేది వాట్సాప్‌లోనే, అపార్టుమెంటు గ్రూపులూ అక్కడే. సిగ్నల్‌లో 2024లో యూజర్‌నేమ్ వచ్చాక మన నంబరు ఎదుటివారికి కనబడకుండా చేసుకోవచ్చు గానీ, ఖాతా తెరవడానికి నంబరు ఇవ్వక తప్పదు. ఇది నాకు ఇప్పటికీ నచ్చని విషయం.

2025 సెప్టెంబరులో సిగ్నల్ వాళ్లు, మెసేజీల నకలును ఎన్‌క్రిప్ట్ చేసి తమ సర్వర్‌లో దాచే సురక్షిత బ్యాకప్ ప్రకటించారు. దానికి 64 అక్షరాల తాళం ఉంటుంది, అది పోతే సిగ్నల్ వాళ్లు కూడా తెరవలేరు. నేను దాన్ని రెండు కాగితాల మీద చేత్తో రాసి, ఒకటి మా బీరువా పై అరలో పెట్టాను, రెండోది అక్క ఇంట్లో ఇచ్చి వచ్చాను.