‘షట్ డౌన్’ నొక్కితే షట్ డౌన్ కాదు: విండోస్, ఉబుంటు రెండూ వేసిన ల్యాప్‌టాప్ కొనేవారికి హెచ్చరిక

సెకండ్ హ్యాండ్ ల్యాప్‌టాప్‌లో విండోస్, ఉబుంటు (లినక్స్ రకపు ఓఎస్, అంటే ఆపరేటింగ్ సిస్టం) రెండూ వేయించుకుని (దీన్నే డ్యూయల్ బూట్ అంటారు) కొనాలనుకుంటున్నవారు డబ్బు చెల్లించే ముందు ఇది ఒకసారి చదవవలసిందిగా మనవి. ‘డ్యూయల్ బూట్ రెడీ, హైబర్నేట్ రెండింట్లోనూ పనిచేస్తుంది’ అని బిల్లు మీద రాయించుకుని మరీ కొన్న యంత్రంలో, రెండు నెలలు తిరగకముందే, ఒక హైస్కూలు స్వర్ణోత్సవ సంచిక కోసం నేను కూర్చిన 64 పేజీలలో 22 పేజీలు పోయాయి. యంత్రం చెడిపోలేదు, డిస్కు పాడవలేదు, వైరస్ రాలేదు. దుకాణంవారు తీసివేయవలసిన ఒక టిక్కును తీయలేదు. తరువాత ఫోనులో చెప్పకూడని ఉపాయం ఒకటి చెప్పారు. నష్టమంతా ఈ రెండింటి వల్లనే జరిగింది. ఫిర్యాదు నడుస్తున్నందువల్ల దుకాణం పేరు ఇక్కడ రాయడం లేదు.

నాది డీటీపీ పని. అనూ ఫాంట్లు, పేజ్‌మేకర్ నాకు విండోస్‌లోనే అలవాటు కనుక దానిని వదులుకోలేను. ఇంజనీరింగ్ రెండో సంవత్సరం చదువుతున్న మా అమ్మాయికి ల్యాబ్ పనికి ఉబుంటు కావాలి. రెండు యంత్రాలు కొనే స్తోమత లేక 8 జీబీ ర్యామ్, 512 జీబీ ఎస్‌ఎస్‌డీ ఉన్న పాత ల్యాప్‌టాప్‌ను 31,500 రూపాయలకు తీసుకున్నాము. రెండు ఓఎస్‌లు వేసినందుకు మరో 500 తీసుకున్నారు. ఇద్దరం వాడుకోవడానికి వీలుగా డీ డ్రైవ్‌ను ఉమ్మడిగా ఉంచారు. పాత బ్యాటరీ గంటకు మించి నిలవదు, మా వీధిలో మధ్యాహ్నం పూట కరెంటు ఎప్పుడు పోతుందో చెప్పలేము. అందుకే తెరిచిన పనిని తెరిచినట్టే దాచుకుని యంత్రాన్ని ఆపగలిగే హైబర్నేట్ సదుపాయం గురించి కొనే రోజునే ప్రత్యేకంగా అడిగాను. ‘అదెంత పని సార్’ అన్నారు.

జరిగింది అర్థం కావాలంటే విండోస్‌లో ఉన్న ఒక ఏర్పాటు గురించి తెలియాలి. 2012లో వచ్చిన విండోస్ 8 నుంచి ‘ఫాస్ట్ స్టార్టప్’ అనేది ఒకటి ఉంది, చాలా యంత్రాల్లో అది మొదటి నుంచీ ఆన్‌లోనే ఉంటుంది. అది ఆన్‌లో ఉన్నప్పుడు మనం ‘షట్ డౌన్’ నొక్కితే విండోస్ మన ప్రోగ్రాములను మూసివేస్తుంది కాని, తన మూల భాగాన్ని మాత్రం మూయకుండా, అప్పటి జ్ఞాపకాన్ని సీ డ్రైవ్‌లోని ‘హైబర్‌ఫిల్ డాట్ సిస్’ అనే దాగి ఉన్న ఫైలులో రాసుకుని నిద్రపోతుంది. అంటే ప్రతి షట్ డౌన్ సగం హైబర్నేట్ అన్నమాట. విచిత్రమేమిటంటే ‘రీస్టార్ట్’ నొక్కినప్పుడు మాత్రమే అది నిజంగా పూర్తిగా మూతపడి మళ్ళీ మొదటి నుంచి లేస్తుంది. ఆపడానికి పెట్టిన మీట ఆపదు, మళ్ళీ మొదలుపెట్టే మీట ఆపుతుంది. ఈ పేర్లు పెట్టినవారిని ఏమనాలో నాకు తెలియడం లేదు.

ఒక్క విండోస్ మాత్రమే ఉన్న యంత్రంలో దీనివల్ల ఇబ్బంది లేదు. రెండో ఓఎస్ ఉండి, ఉమ్మడి డ్రైవ్ కూడా ఉంటే ప్రమాదం మొదలవుతుంది. కిరాణా కొట్టు యజమాని ఖాతా పుస్తకంలోని పద్దులన్నీ కంఠతా పెట్టుకుని రాత్రి ఇంటికి వెళ్ళాడనుకోండి. వెనక కొడుకు వచ్చి అదే పుస్తకంలో నాలుగు కొత్త పద్దులు రాశాడు. తెల్లవారి వచ్చిన తండ్రి పుస్తకం తిరగేయకుండా, తనకు గుర్తున్న లెక్కనే మళ్ళీ దాని మీద దిద్దుకుంటూ పోయాడు. విండోస్ నిద్రలోకి వెళ్ళేటప్పుడు డీ డ్రైవ్‌లో ఏ ఫైలు ఎక్కడ ఉందో చెప్పే పట్టికను అలాగే గుర్తు పెట్టుకుని వెళుతుంది. మధ్యలో ఉబుంటు ఆ డ్రైవ్‌లో ఏదైనా రాస్తే, లేచిన విండోస్‌కు ఆ సంగతి తెలియదు.

ఉబుంటు ఈ ప్రమాదాన్ని గుర్తుపట్టగలదు. కొన్న వారం రోజులకే మా అమ్మాయి డీ డ్రైవ్‌లో తన రికార్డు ఫైలు సేవ్ చేయబోతే కుదరలేదు. విండోస్ తన సమాచారాన్ని ఇంకా తన దగ్గరే ఉంచుకుందని, డ్రైవ్ సురక్షిత స్థితిలో లేదని, అందుకే చదవడానికి మాత్రమే తెరుస్తున్నానని, విండోస్‌ను హైబర్నేట్ గాని ఫాస్ట్ స్టార్టప్ గాని లేకుండా పూర్తిగా మూసి రమ్మని తెర మీద స్పష్టంగా రాసి ఉంది. అది లోపం కాదు, కాపలాదారు గేటు దగ్గర ఆపినట్టు ఆపడం. కాని మాకు అప్పటికి ఆ సంగతి తెలియదు. అమ్మాయి దుకాణానికి ఫోన్ చేసి, ‘అన్నా, డీ డ్రైవ్‌లో సేవ్ అవడం లేదు’ అని అడిగింది. అక్కడి టెక్నీషియన్ ‘అది మామూలే’ అంటూ వాట్సాప్‌లో ఒక్క వరుస ఆదేశం పంపించాడు. అది ‘ఎన్‌టీఎఫ్‌ఎస్ ఫిక్స్’ ఆదేశం (ఎన్‌టీఎఫ్‌ఎస్ అంటే విండోస్ డ్రైవ్‌లలో ఫైళ్ళను అమర్చే పద్ధతి). కొట్టగానే డ్రైవ్ తెరుచుకుంది. ఆ తరువాత ఎప్పుడు అడ్డుపడినా అమ్మాయి అదే కొట్టడం అలవాటు చేసుకుంది.

పేరులో ఫిక్స్ అని ఉన్నా, అది డ్రైవ్‌ను తనిఖీ చేసి సరిచేసే విండోస్ వారి ‘చెక్‌డిస్క్’ ప్రోగ్రాం చేసే పని చేయదు. కొన్ని చిన్న తప్పులను సరిచేసి, డ్రైవ్ లావాదేవీల చిట్టాను ఖాళీ చేసి, మిగతా తనిఖీని విండోస్‌కు వదిలివేస్తుంది. అంటే కాపలాదారును పక్కకు నెట్టి గేటు తీయడమే. సీ డ్రైవ్ విషయంలో ‘రిమూవ్ హైబర్‌ఫైల్’ అనే మరో ఉపాయం కూడా చాలామంది చెబుతారు. అది విండోస్ దాచుకున్న జ్ఞాపకాన్నే చెరిపివేస్తుంది కనుక, నిజంగా హైబర్నేట్ చేసి ఉంటే సేవ్ చేయని పని అంతా పోతుంది. 2021లో విడుదలైన లినక్స్ 5.15 కెర్నెల్‌లో (ఓఎస్ మూల భాగంలో) చేరిన, విండోస్ డ్రైవ్‌లను తెరిచే కొత్త డ్రైవర్‌కు ‘ఫోర్స్’ అనే మాట జోడించమనే సలహా కూడా ఇదే కోవలోనిది. ఎవరైనా మీకు ఈ మూడింటిలో ఏదైనా చెబితే, ముందుగా ‘విండోస్‌ను పూర్తిగా మూశారా’ అని అడిగారా లేదా అన్నది గమనించండి. అడగకుండా చెప్పినవారి సలహా వినవద్దు.

సంచిక పనిలో ఉండగా ఒక రాత్రి నేను పేజ్‌మేకర్ తెరిచి ఉండగానే హైబర్నేట్ చేసి పడుకున్నాను. తెల్లవారుజామున అమ్మాయి లేచి, ఉబుంటు తెరిచి, పూర్వ విద్యార్థులు వాట్సాప్‌లో పంపిన ఫోటోలను, నాకు సాయం చేద్దామనే ఉద్దేశంతోనే, డీ డ్రైవ్‌లోని సంచిక ఫోల్డర్‌లోకి కాపీ చేసింది. డ్రైవ్ తెరుచుకోకపోతే ఎప్పటిలాగే ఆ వరుస కొట్టింది. తొమ్మిది గంటలకు నేను విండోస్ తెరిచాను. పేజీలు రాత్రి ఎక్కడ ఆపానో అక్కడే కనిపించాయి. సంతోషించి రెండు అక్షర దోషాలు దిద్ది సేవ్ చేశాను. పావుగంట తరువాత ఫోటోల కోసం అదే ఫోల్డర్ తెరవబోతే, అది పాడైందని, చదవడం సాధ్యం కాదని ఒక చిన్న పెట్టె వచ్చింది. రీస్టార్ట్ చేస్తే నల్లటి తెర మీద చెక్‌డిస్క్ తనంతట తాను నడిచింది. అది ముగిశాక డీ డ్రైవ్‌లో ‘ఫౌండ్ 000’ అనే కొత్త ఫోల్డర్ ఒకటి, దానిలో ఊరూపేరూ లేని తునకలు ఉన్నాయి. వాటిలో కొన్ని ఫోటోలు దొరికాయి. ప్రధానోపాధ్యాయుల జ్ఞాపకాల విభాగం ఉన్న రెండు పేజ్‌మేకర్ ఫైళ్ళు మాత్రం తెరుచుకోలేదు. పెన్‌డ్రైవ్‌లో ఉన్న కాపీ పన్నెండు రోజుల నాటిది. అందులో తప్పు నాదే.

దుకాణానికి వెళితే, ‘సార్, అది సాఫ్ట్‌వేర్ ప్రాబ్లం, మా వారంటీ హార్డ్‌వేర్‌కే’ అన్నారు. 500 రూపాయలు తీసుకున్నది సాఫ్ట్‌వేర్ వేసినందుకే కదా అని అడిగితే సమాధానం లేదు.

ఇక ఉబుంటులో హైబర్నేట్ సంగతి. ఉబుంటులో 2012 నాటి 12.04 వెర్షన్ నుంచే ఈ సదుపాయాన్ని మొదటి నుంచీ ఆపి ఉంచుతున్నారు. కావాలనుకున్నవారు స్వయంగా అమర్చుకోవాలి. 17.04 వెర్షన్ నుంచి స్వాప్‌కు (ర్యామ్‌లోని సమాచారాన్ని డిస్కులో దాచే చోటుకు) వేరే పార్టిషన్ (డిస్కులో విడదీసిన భాగం) బదులు ఒక ఫైలును వాడుతున్నారు, మా యంత్రంలో అది 2 జీబీయే ఉంది. 8 జీబీ ర్యామ్‌లోని పనిని 2 జీబీ స్థలంలో ఎలా దాస్తుంది? హైబర్నేట్ అనగానే స్వాప్ స్థలం చాలదని చెప్పి ఊరుకునేది. అంటే బిల్లు మీద రాసిన మాటను దుకాణంలో ఒక్కసారి కూడా పరీక్షించి చూడలేదన్నమాట. మరమ్మతుకు ఇస్తే 8 జీబీ స్వాప్ పార్టిషన్ ఒకటి చేశారు. తరువాత దానిని ఇంకోసారి ఫార్మాట్ చేయడంతో దాని గుర్తింపు సంఖ్య మారిపోయింది, కాని ‘ఇక్కడి నుంచి తిరిగి లేపు’ అని కెర్నెల్‌కు చెప్పే ‘రెజ్యూమ్’ వరుసలో పాత సంఖ్యే ఉండిపోయింది. ఫలితంగా యంత్రం తెరిచినప్పుడల్లా లేని పార్టిషన్ కోసం అర నిమిషం ఎదురుచూసి, ఆశ వదులుకున్నానని ఒక వరుస రాసి, కొత్తగా మొదలయ్యేది. దాచిన పని తిరిగి వచ్చేది కాదు. స్వాప్‌గా ఫైలునే వాడేవారైతే దాని గుర్తింపు సంఖ్యతో పాటు, డిస్కులో ఆ ఫైలు ఏ స్థానం నుంచి మొదలవుతుందో కూడా ఇవ్వవలసి ఉంటుంది.

యంత్రం లేచేటప్పుడు నమ్మదగిన ఓఎస్‌నే అనుమతించే ‘సెక్యూర్ బూట్’ అనే రక్షణ ఆన్‌లో ఉంటే ఉబుంటు కెర్నెల్ హైబర్నేట్‌ను అసలు అనుమతించదు. అందుకని దుకాణాలవారు మనకు చెప్పకుండా దానిని ఆఫ్ చేస్తారు. మీ విండోస్‌లో డ్రైవ్‌కు తాళం వేసే బిట్‌లాకర్ ఉంటే, ఆ మార్పు తరువాత అది 48 అంకెల రికవరీ కీ అడగవచ్చు. కీ ముందుగా కాగితం మీద రాసి పెట్టుకోనివారు ఆ తెర ముందు కూర్చుని చేయగలిగింది ఏమీ లేదు. ఉబుంటు వాడి వచ్చాక విండోస్ గడియారం సరిగ్గా ఐదున్నర గంటలు వెనకబడి కనిపిస్తే మాత్రం కంగారు పడవద్దు. యంత్రంలోని గడియారాన్ని ఒకటి గ్రీనిచ్ సమయంగా, మరొకటి మన సమయంగా చదవడం వల్ల వచ్చే తేడా అది, హైబర్నేట్‌తో దానికి సంబంధం లేదు.

కొనేటప్పుడు దుకాణంలోనే, డబ్బు ఇవ్వకముందే, ఇరవై నిమిషాలు నిలబడి చూసుకోండి. విండోస్‌లో కంట్రోల్ ప్యానెల్ పవర్ ఆప్షన్స్‌లో పవర్ బటన్ల పేజీ తెరిపించి, ఫాస్ట్ స్టార్టప్ టిక్కు తీయించండి. నా యంత్రంలో ఒక పెద్ద అప్‌డేట్ తరువాత ఆ టిక్కు మళ్ళీ ప్రత్యక్షమైంది కనుక, విండోస్‌లో హైబర్నేట్ అవసరం లేనివారు అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచిన కమాండ్ ప్రాంప్ట్‌లో ‘పవర్ సీఎఫ్‌జీ’ ఆదేశానికి ‘స్లాష్ హెచ్ ఆఫ్’ చేర్చి కొట్టించడం గట్టి పద్ధతి. దానితో హైబర్నేట్, ఫాస్ట్ స్టార్టప్ రెండూ పోతాయి, ర్యామ్‌లో దాదాపు 40 శాతం పరిమాణం ఉండే ఆ ఫైలు తొలగి 8 జీబీ యంత్రంలో సుమారు 3 జీబీ స్థలం కలిసివస్తుంది. తరువాత విండోస్‌ను షట్ డౌన్ చేయించి, ఉబుంటు తెరిపించి, డీ డ్రైవ్‌లో మీ చేత్తో ఒక ఫోల్డర్ సృష్టించి చూడండి. ఎవరూ ఏ ఆదేశమూ కొట్టకుండానే అది కుదరాలి. ఉబుంటులో హైబర్నేట్ ఉందన్నవారి చేత ఒక ఫైలు తెరిపించి, హైబర్నేట్ చేయించి, చార్జర్ తీసి, మళ్ళీ లేపించి, ఆ ఫైలు అలాగే తెరిచి ఉందో లేదో చూడండి.

ఇప్పటికే కొని ఇదే స్థితిలో ఉన్నవారు ఉబుంటు నుంచి ఉమ్మడి డ్రైవ్‌లో రాయడం ఈ రోజే ఆపి, విండోస్‌కు వెళ్ళి ముఖ్యమైన ఫైళ్ళను బయటి డిస్కులోకి తీసుకోండి. ఆ తరువాతే చెక్‌డిస్క్ నడపండి. టిక్కు తీసేవరకు విండోస్‌ను షిఫ్ట్ కీ నొక్కి పట్టుకుని షట్ డౌన్ చేస్తే పూర్తిగా మూతపడుతుంది. ప్రమాదం ఎదురు దిశలోనూ ఉంది. డీ డ్రైవ్ తెరిచి ఉండగా ఉబుంటును హైబర్నేట్ చేసి, మధ్యలో విండోస్‌లో దానిపై రాసి, తిరిగి ఉబుంటును లేపినా జరిగేది అదే. అందుకని ఒకటి హైబర్నేట్‌లో ఉండగా రెండో దానిని తెరవకూడదని మా ఇంట్లో నియమం పెట్టుకున్నాము. మూత మీద ఒక చిన్న చీటీ అంటించి, ఏది నిద్రలో ఉందో దాని మీద రాస్తున్నాము.

జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించాను. బిల్లు మీద చేతితో రాసిన ఆ వాక్యం, వాట్సాప్‌లో వచ్చిన ఆ ఆదేశం, చెక్‌డిస్క్ తెర ఫోటో ఈ మూడూ నా దగ్గర ఉన్నాయి. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం జిల్లా కమిషన్‌లో ఫిర్యాదుకు రెండేళ్ళ గడువు ఉంది, 5 లక్షల లోపు విలువకు రుసుము లేదు. నాలుగు రోజుల క్రితం దుకాణం నుంచి ఫోన్ వచ్చింది. డ్యూయల్ బూట్ వేసినందుకు తీసుకున్న 500 తిరిగి ఇస్తాము, బిల్లు అసలు ప్రతి పట్టుకుని రమ్మన్నారు. బిల్లు ఇవ్వను, జిరాక్స్ ఇస్తానని చెప్పాను. ఆ తరువాత మళ్ళీ ఫోన్ రాలేదు.